ఇటుక రంగు దేవకన్య

కళ్ళద్దాల షాపులో వెనక గది ఆయనది. ముందు గదిలో యజమాని కళ్ళు పరీక్ష చేసి చీటీ రాస్తాడు. ఆ చీటీ గోడకున్న చిన్న కిటికీలోంచి వెనక్కి వస్తుంది. ఈయన అద్దాన్ని చక్రం మీద పెట్టి, సన్నటి నీళ్ళ ధార కింద అరగదీసి, దీపం ముందు అటూ ఇటూ తిప్పి చూసి, ఫ్రేములో కూర్చోబెడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. వీధిలో అందరికీ ఆయన అద్దాలాయన. చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగంమంది ఆయన చేతి చలవ వల్లే పేపరు చదువుకుంటున్నారు.

ఇంతమందికి చూపు సరిచేసిన మనిషికి ఆకుపచ్చకీ ఎరుపుకీ తేడా తెలియదు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఈయనకి చెట్టు కూడా పచ్చగా కనిపించదు. ఆకులు, ఇటుకలు, తుప్పు, పాత టీ మరక, అన్నీ ఒకే కుటుంబంలా ఉంటాయి. పోలికలు తెలుస్తాయి గానీ ఎవరు ఎవరో తెలియదు.

ఈ సంగతి మొదట బయటపడింది మూడో తరగతిలో. చెట్టు బొమ్మ వేసి రంగులద్దమంటే ఆకులన్నిటికీ గోధుమరంగు పూశాడు. పంతులమ్మ ఆ కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించి, "ఏరా, చెట్టుకి నీళ్ళు పోయలేదా?" అంది. అంతే, పదో తరగతి దాకా ఆయన పేరు 'ఎండాకు'.

రెండోసారి మరీ ఘోరంగా బయటపడింది. వాళ్ళ నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ నడిపేవాడు. సీసాల మీద లేబుళ్ళు, బిస్కెట్ పెట్టెలు, క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సు అది. కొడుకు గీత బాగుందని, బొమ్మల విభాగంలో చేర్పిద్దామని వెంటబెట్టుకెళ్ళాడు. ఫోర్‌మన్ రంగురంగుల చుక్కలున్న పుస్తకం ఒకటి తెరిచి, "చుక్కల మధ్య అంకె కనిపిస్తోందా? ఎంత?" అన్నాడు. కుర్రాడికి చుక్కలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఫోర్‌మన్ వెనక నిలబడ్డ తండ్రి గుట్టుగా ఏడు వేళ్ళు చూపించాడు. "ఏడు," అన్నాడు కుర్రాడు. ఫోర్‌మన్ పేజీ తిప్పాడు. ఈసారి తండ్రి చేతులు కదిలేలోపే భయంతో, "ఏడు," అన్నాడు మళ్ళీ. ఫోర్‌మన్ పుస్తకం మూసేసి, "తప్పేం లేదు నాయనా, ఇంకో పని చూసుకో," అన్నాడు. మంచి మనిషే. కానీ ఆ మంచితనం వల్ల అవమానం తగ్గలేదు. తండ్రీ కొడుకులు ఇంటిదాకా మాట్లాడుకోకుండా నడిచారు. ఆ తర్వాత కూడా ఆ మాట ఎత్తలేదు.

అలా అద్దాల షాపులో తేలాడు. రంగులు వదిలేశాడు గానీ గీత వదల్లేదు. చీటీల వెనక, అద్దాలు వచ్చే కవర్ల మీద నల్ల పెన్నుతో గీస్తూ ఉండేవాడు. వంపులంటే ప్రాణం. అద్దానికి ఎంత వంపు ఉండాలో వేలితో తడిమి చెప్పగలిగే మనిషికి గీత వంపు రాకుండా ఎక్కడికి పోతుంది!

పెళ్ళయ్యాక భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడ కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. గుడ్డ చూసి, నాలుగొందల రీళ్ళలోంచి దానికి సరిపోయే దారం తీయగల కన్ను ఆవిడది. ఓసారి దారిలో ఆకుపచ్చ దారం తెమ్మంటే గోధుమరంగు రీలు తెచ్చాడు. "షాపువాడు తప్పు ఇచ్చాడే," అన్నాడు. రెండోసారీ అదే జరిగింది. ఆవిడ రీలు చేతిలో పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది.

"షాపువాడికి కనపడటం లేదా, మీకు కనపడటం లేదా?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ నవ్వలేదు, జాలిపడలేదు. మర్నాడు ఇంట్లో ఉన్న రీళ్ళన్నిటికీ తెల్ల చీటీలు అతికించి, రంగు పేరు రాసిపెట్టింది.

ఇదంతా ఒక ఎత్తు, షాపు యజమాని కూతురు కొత్త ట్యాబ్లెట్ కొనుక్కుని, పాతది పెన్నుతో సహా ఆయనకిచ్చెయ్యడం ఒక ఎత్తు. పదిరోజులు దానితో కుస్తీ పట్టాడు. పదకొండో రోజు చిన్నపిల్లాడిలా వంటగదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమోయ్, ఇందులో రంగులకి పేర్లు కాదు, నెంబర్లున్నాయి! ప్రతి రంగుకీ ఒక నెంబరు!"

"అయితే?"

"అయితే ఏమిటే! నెంబరు నాకు కనిపిస్తుందిగా!"

ఆ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, తెరమీద ఒక్కో రంగూ చూసి, ఒక నోటుబుక్కులో నెంబరు, దాని పక్కన మాట రాసింది. 'ముదురు ఆకుపచ్చ, సీసా లాగ.' 'లేత ఆకుపచ్చ, దోసకాయ లోపల.' 'బుగ్గల రంగు, జ్వరం లేనప్పుడు.' ఒకచోట, 'ఇటుక రంగు, దీని జోలికి వెళ్ళొద్దు.' ముప్పై ఏళ్ళ తర్వాత ఎండాకు మళ్ళీ రంగులు ముట్టుకున్నాడు.

ఏం గీయాలన్నది పాత పుస్తకాల బండి మీద దొరికింది. వందేళ్ళకి పైబడిన పోస్టర్ల పుస్తకం. అందులో ఇరవై పేజీలు ఒకే పానీయానివి. దాని పేరు ఆబ్సింత్ అని, చేదు మూలికలతో కాచిన ఆకుపచ్చ మద్యమని, ఒకప్పుడు దాన్ని చాలా దేశాల్లో నిషేధించారని అందులో రాసుంది. గ్లాసు మీద చిల్లుల గరిటె, గరిటె మీద చక్కెర ముక్క, గ్లాసులోంచి పొగలా లేచి వస్తున్న రెక్కల అమ్మాయి. తాగేవాళ్ళు ఆ మత్తుకి 'ఆకుపచ్చ దేవకన్య' అని ముద్దుపేరు పెట్టుకున్నారట. అద్దాలాయన చుక్క ముట్టే రకం కాదు. ఆయన్ని పట్టేసింది ఆ జుట్టు. ఒక్క గీత నుదుటి దగ్గర బయల్దేరి, మెలికలు తిరిగి, తీగై, ఆకై, అక్షరమై, చివరికి అంచు దగ్గర ముడిపడేది. "ఈ గీత గీసినవాడికి ఊపిరెంత పొడుగో!" అని భార్యకి చూపించి మురిసిపోయాడు.

"పోయి పోయి సారాయి బొమ్మలా?" అంది ఆవిడ. అని, నోటుబుక్కు తెచ్చుకుని పక్కన కూర్చుంది.

ఏడాదిలో నలభై బొమ్మలేశాడు. గ్లాసులు, నీటి చుక్కలు రాల్చే కూజాలు, గరిటెలు, దేవకన్యలు. ఫోన్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు. ఆ పచ్చ ఎంత బాగుందో అని రాస్తే, ఆయన ఆ మాటని భార్యకి చదివి వినిపించేవాడు. "నీకే," అనేవాడు.

ఆ బొమ్మలు చూసి ఒకరోజు షాపుకి కెప్టెన్ వచ్చాడు. అందరూ కెప్టెన్ అంటారు గానీ ఓడలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పాడే తప్ప చుక్కాని ముట్టుకోలేదు. ఉద్యోగం మానేశాక, రైలు స్టేషన్ వెనక సందులో ఒక పాత గోడౌన్ తీసుకుని, చిన్న పానశాల పెడుతున్నాడు. రేవు రేవులో కొని దాచుకున్న పాత గ్లాసులూ గరిటెలూ ఉన్నాయి. గోడకి బొమ్మలు కావాలి.

"తొమ్మిది బొమ్మలు. మనిషెత్తువి. తలుపు తీసిన మనిషికి పచ్చటి లోకంలోకి అడుగుపెట్టినట్టుండాలి. చేస్తారా?"

"చేస్తానండి," అన్నాడు అద్దాలాయన. తన కంటి సంగతి చెప్పాలనుకున్నాడు. మాట పెదవిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

రెండు నెలల్లో తొమ్మిదీ అయిపోయాయి. ప్రింటుకి పంపడమే తరువాయి. అప్పుడే భార్య చెల్లెలికి కాన్పు కష్టమైందని కబురొచ్చి, ఆవిడ ఉన్నపళంగా పొరుగూరి ఆస్పత్రికి వెళ్ళింది. మర్నాడే కెప్టెన్ ఫోన్.

"అన్నీ బాగున్నాయి మాస్టారూ. పచ్చ మాత్రం ఇంకాస్త ముదరాలి. రేపటికి ప్రింటుకిచ్చేద్దాం, సరేనా?"

భార్యకి ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనిషిని పచ్చ గురించి ఎలా అడగడం? అది ఒక కారణం. ఇంకో కారణం ఆయన చాలాకాలం తర్వాత గానీ ఒప్పుకోలేదు. ఎన్నాళ్ళు పక్కన ఒకరు కూర్చుని చెబితే చేయడం? ఒక్కసారి, నా అంతట నేను. ఇంతకాలం రంగుల మధ్య తిరిగాను, ఆ మాత్రం తెలియదా?

నోటుబుక్కు తెరవలేదు. తెరమీద రంగు మార్చే మీటని వేలితో కొంచెం జరిపాడు. ముదిరినట్టే అనిపించింది. ఇంకొంచెం జరిపాడు. బుగ్గలు వెలవెలబోతున్నాయేమోనని అక్కడా కాస్త సవరించాడు. తొమ్మిది బొమ్మలకీ అలాగే చేసి పంపేశాడు. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ గిన్నెలు కడుక్కున్నాడట.

మర్నాడు పొద్దున ప్రింటింగ్ షాపు అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, ఇందులో గ్లాసులో ఉన్నది ఇటుక రంగులో ఉంది. రెక్కలు కూడా. మొహమేమో ఆకుపచ్చగా ఉంది. ఇలాగే వేసెయ్యమంటారా?"

ఆ అమ్మాయి కాపాడ్డానికే ఫోన్ చేసింది. 'ఆగమ్మా' అంటే చాలు. కానీ చెవుల్లో మూడో తరగతి నవ్వులు మోగాయి.

"అలాగే వెయ్యమ్మా," అన్నాడు. "పాతకాలం పోస్టర్లు కదా. వెలిసిపోయినట్టుండాలని కావాలనే చేశాను."

"ఓ, అలాగా! సరే సార్," అంది పాపం.

మూడోరోజు కెప్టెన్ ఒక కాగితం చుట్ట చంకన పెట్టుకుని షాపులోకి వచ్చాడు. నేరుగా వెనక గదిలోకి నడిచి, అద్దాల బల్ల మీద దాన్ని పరిచాడు.

"ఏమిటండీ ఇది? దగ్గుమందు సీసాలోంచి దయ్యం లేచినట్టుంది! నేనడిగిందేమిటి, మీరిచ్చిందేమిటి?"

అద్దాలాయన బొమ్మ వంక చూశాడు. ఆయన కంటికి అది మునుపటి బొమ్మే. ఏం తప్పో వెతికినా కనిపించలేదు. అదే ఎక్కువ బాధించింది. చక్రం ఆపేశాడు. నీళ్ళ ధార ఆగింది.

"నాకు పచ్చ కనపడదండి," అన్నాడు. "పుట్టినప్పట్నించీ అంతే. మా ఆవిడ చెబితే వేస్తాను. ఆవిడ ఊళ్ళో లేదు."

కెప్టెన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పని ఇచ్చేవారా?"

కెప్టెన్ అబద్ధం చెప్పొచ్చు. ఆలోచించి, "ఇచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. గడ్డం గోక్కున్నాడు. "కానీ ఆ గీతలు నాకు ఇంకెవరు గీస్తారు? పదకొండు రోజుల్లో ప్రారంభం. ఒక మాట చెప్పండి. మీరు ఈ ఆబ్సింత్‌ని ఎప్పుడైనా కళ్ళారా చూశారా?"

"లేదండి. పుస్తకంలోనే."

"నలభై బొమ్మలేశారు, చూడకుండానే! లేవండి, నాతో రండి."

గోడౌన్‌లో ఇంకా సున్నం వాసన పోలేదు. ఎత్తైన కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ పలకలా పడుతోంది. కెప్టెన్ ఒక గ్లాసులో ఆ మద్యం రెండు వేళ్ళ లోతు పోశాడు. గుప్పున సోంపు వాసన. గ్లాసు మీద చిల్లుల గరిటె, దాని మీద చక్కెర ముక్క పెట్టి, కూజా కొళాయి తిప్పాడు. చల్లటి నీళ్ళు ఒక్కో చుక్కే చక్కెర మీద పడి, కరిగించుకుంటూ కిందికి జారుతున్నాయి.

అద్దాలాయన గ్లాసుకి కళ్ళు ఆనించినంత పని చేశాడు. మొదటి చుక్క అడుగుకి దిగి తెల్లటి దారంలా విడిపోయింది. తర్వాత ఇంకోటి. దారాలు పొగలై, పొగలు అడుగున మబ్బై, ఆ మబ్బు మెల్లగా పైకి లేవసాగింది. పైన మాత్రం ఒక పలచటి పొర, చివరిదాకా కలవకుండా అద్దంలా నిలిచింది. ఇరవై రెండేళ్ళుగా దీపం ముందు అద్దాలు తిప్పి, ఊపిరంత మసకని కూడా పట్టుకునే కన్ను ఆయనది. ఆ మబ్బులో ఎన్ని మెట్లున్నాయో, ఎక్కడ పలచనో, ఎక్కడ చిక్కనో అన్నీ కనిపించాయి.

"నేను తప్పు గీశాను," అన్నాడు మెల్లగా. "మబ్బు పైనించి మొదలవుతుందనుకున్నాను. ఇది అడుగునించి లేస్తోంది."

కెప్టెన్ వంగి చూశాడు. "నిజమేనండోయ్! ఇన్నేళ్ళూ తాగాను గానీ ఎప్పుడూ గమనించలేదు."

"ఇంకో గ్లాసు పోయగలరా?"

"తాగుతారా?"

"అబ్బే, చూస్తాను."

ఆ మధ్యాహ్నం నాలుగు గ్లాసులు చూశాడు. నాలుగూ తాగవలసి వచ్చిన కెప్టెన్ సాయంత్రానికి చాలా ప్రేమగా మాట్లాడాడు.

రెండు రోజులకి భార్య తిరిగొచ్చింది. చెల్లెలూ, ఆడపిల్లా క్షేమం. సంచి కింద పెట్టేలోపే ఆయన జరిగిందంతా చెప్పేశాడు, ఫోన్‌లో ఆ అమ్మాయితో ఆడిన అబద్ధంతో సహా. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆస్పత్రిలో ఐదారు రాత్రులు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. పచ్చ గురించి ఎవరైనా అడిగితే బాగుండనిపించేది," అంది. తర్వాత తిట్టింది. బాగానే తిట్టింది. ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పి రమ్మంది.

ఆయన వెళ్ళి చెప్పాడు. ప్రింటింగ్ అమ్మాయి, "నాకు అప్పుడే అనుమానమొచ్చింది సార్. మీ పాత బొమ్మలు చూశాను కదా. ఇంకోసారి గట్టిగా అడగాల్సింది," అని తనే నొచ్చుకుంది.

ఈసారి పాత బొమ్మల్ని దిద్దలేదు. కొత్తగా మొదలుపెట్టాడు.

"నాకు ఒక్కటే పచ్చ చాలు. నువ్వు ఏరు," అన్నాడు భార్యతో. "మిగతాదంతా దాని నీడలూ, తెలుపూ, నల్లగీత. అవి నేను చూసుకోగలను."

ఆ ఒక్క పచ్చ ఏరడానికి ఆవిడకి ఆదివారమంతా పట్టింది. పెట్టెలోంచి దారాలు తీసి తెర పక్కన పెట్టి, కిటికీ దగ్గరకీ గది మధ్యకీ తిరిగి, "ఇది పగలు బాగుంది, దీపం కింద చచ్చిపోతోంది," అంటూ ఒక్కొక్కటే పక్కన పడేసింది. సాయంత్రానికి ఒక నెంబరు కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టింది. "ఇదే. ఇంక దీన్ని ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతాను."

తొమ్మిది బొమ్మల్లో ఒకే గ్లాసు. మొదటి దాంట్లో చక్కెర మీద ఇంకా నీళ్ళు పడలేదు. గ్లాసులో దేవకన్య జుట్టు విరబోసుకుని నిలబడి ఉంటుంది, ప్రతి గీతా స్పష్టంగా. రెండో దాంట్లో కాళ్ళ దగ్గర తెల్లటి దారాలు. మూడో దాంట్లో మోకాళ్ళదాకా మబ్బు. అలా ఒక్కో బొమ్మకీ మబ్బు లేస్తూ, ఆమె కరుగుతూ వస్తుంది. ఎనిమిదో దాంట్లో జుట్టు మాత్రమే పైపొరలో తేలుతుంటుంది. తొమ్మిదో దాంట్లో ఒక రెక్క అంచు, అదీ వెతికితేనే. షాపు పనీ ఇదీ కలిపి, ఆయన ఆ వారమంతా ఎప్పుడు తిన్నాడో ఆయనకే తెలియదు.

ప్రారంభానికి ముందురోజు పగలే కెప్టెన్ అందర్నీ పిలిచాడు. తలుపు తీయగానే ప్రింటింగ్ అమ్మాయి, "అమ్మో!" అంది. కెప్టెన్ మొదటి బొమ్మ నుంచి చివరి దాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, "తాగకుండానే తిరుగుతోందండీ తల," అన్నాడు. మెచ్చుకోవడం అయ్యాక ఒక ఫిర్యాదు కూడా చేశాడు. తొమ్మిదో దాంట్లో అమ్మాయి మరీ కనపడకుండా పోయిందట. అద్దాలాయన మార్చనన్నాడు. ఆయన ఎవరితోనైనా 'మార్చను' అనడం అదే మొదలు.

అద్దాలాయన తండ్రి కూడా వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా వంగి, ఒక్కో బొమ్మనీ ప్రెస్సులోంచి అప్పుడే వచ్చిన తావులా తనిఖీ చేశాడు.

"నలుపు బాగా పడింది," అన్నాడు చివరికి.

ప్రెస్సువాళ్ళ నోట అంతకన్నా పెద్ద మాట రాదని కొడుక్కి తెలుసు. "అవును నాన్నా," అన్నాడు.

"రంగులు ఎవరైనా చెప్పొచ్చురా. గీత చెప్పలేరు. మా ఫోర్‌మన్‌కి ఆ మాట నేనే చెప్పాల్సింది. ఆ పూట నోరు రాలేదు."

కోడలు మధ్యలోకి వచ్చి, "మామయ్యా, ఆ పచ్చ నేను ఏరింది," అంది. ముసలాయన వెనక్కి తిరిగి మళ్ళీ చూసి, "నువ్వు ప్రెస్సులో పుట్టాల్సినదానివమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఆయనకి పనులు వస్తున్నాయి. గుంపులుగా కాదు, నెలకొకటి, రెండు నెలలకొకటి. ఎవరడిగినా మొదటి మాటగా ఇదే చెబుతాడు: "నాకు ఎరుపూ ఆకుపచ్చా కనపడవండి. రంగు మా ఆవిడ చూస్తుంది. సరేనంటే మొదలుపెడదాం." ఒక షర్బత్ కంపెనీవాళ్ళు ఈ మాట విని మర్యాదగా జారుకున్నారు. రెండు రోజులు దిగులుపడ్డాడు. ఒక సబ్బుల దుకాణం ఆవిడ మాత్రం, "మా అన్నయ్యకీ అంతేనండి, ఇంట్లో ఎవరికీ చెప్పనివ్వడు," అని గంటసేపు ఫోన్‌లో మాట్లాడి పని ఇచ్చింది. అద్దాల షాపు ఉద్యోగం మానలేదు. మానమని ఎవరైనా అంటే, "ఆ చక్రం చప్పుడు లేకపోతే నాకు గీత రాదు," అంటాడు.

మొన్న నా అద్దాలు వదులైతే బిగించుకుందామని వెళ్ళాను. వెనక గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు, ఖాళీగా చీటీ వెనక పెన్నుతో గీసుకుంటూ.

"ట్యాబ్లెట్ ఏదండీ? పాడైందా?" అన్నాను.

"ఎక్కడిది! మా ఆవిడ పట్టుకుపోయింది. కర్టెన్లకి డిజైన్లు గీస్తుందట. పొద్దున్నించి మూడుసార్లు ఫోన్ చేసింది."

"రంగుల గురించా?"

"కాదండీ బాబూ, వంపు సరిగ్గా రావడం లేదట," అన్నాడు, గర్వం దాచుకోవడానికి అద్దం తుడుస్తూ. మళ్ళీ ఫోన్ మోగింది.